ఆరో జనరేటర్ ఎందుకు ఆగుతోంది? ఫిజిక్స్ ఉన్న ఫ్యాక్టరీ గేములు సరదానా, తలనొప్పా?

బెల్టు బాబు:

ఇక్కడ ఎప్పుడు చూసినా కాల్పుల గేములు, క్రికెట్ గేముల ముచ్చట్లే. అందుకే కాస్త మొహమాటంగా అడుగుతున్నా. ఫ్యాక్టరీలు కట్టే గేములు, అందులోనూ బరువు, ఎత్తు, ప్రవాహం లాంటివి లెక్కలోకి వచ్చేవి ఆడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

నేను చాలాకాలం ఫ్యాక్టోరియో ఆడాను. ఇప్పుడు సాటిస్‌ఫ్యాక్టరీలో కూరుకుపోయాను. బొగ్గు కరెంటు దగ్గర బండి ఆగింది. ఆడనివాళ్ళ కోసం లెక్క చెప్తాను. ఒక్కో బొగ్గు జనరేటర్ 75 మెగావాట్లు ఇస్తుంది. నిమిషానికి 15 బొగ్గు, 45 ఘనపు మీటర్ల నీళ్ళు తీసుకుంటుంది. నీళ్ళు తోడే యంత్రం ఒక్కోటి నిమిషానికి 120 ఇస్తుంది. మూడు పెడితే 360. ఎనిమిది జనరేటర్లకి 45 చొప్పున కావలసింది కూడా 360. పైసా మిగలదు, పైసా తగ్గదు.

మొదటి రకం పైపులో 300కి మించి పోదు. అందుకని మూడింటినీ ఒకే పైపుకి కలపకుండా జనరేటర్ల వరసకి రెండు చివర్ల నుంచీ నీళ్ళు ఇచ్చాను. ఎడమ నుంచి రెండు యంత్రాలు, అంటే 240. కుడి నుంచి ఒకటి, అంటే 120. ఎడమ నీళ్ళు అయిదు జనరేటర్లు తాగేసరికి 15 మిగులుతాయి. కుడి నీళ్ళలో రెండు జనరేటర్ల వాటా పోగా 30 మిగులుతాయి. రెండూ కలిపి ఆరో జనరేటర్‌కి సరిగ్గా 45.

కాగితం మీద ఇంత ముచ్చటగా ఉంది కదా, ఆ ఆరోది మాత్రం కాసేపు నడుస్తుంది, ఆగుతుంది, మళ్ళీ నడుస్తుంది. పైపు మీద మీటరు చూస్తే నీళ్ళు ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి ఊగుతుంటాయి. రాత్రి పన్నెండింటికి నేను ఆ ముల్లు వైపే చూస్తూ కూర్చుంటే మా ఆవిడ "ఆఫీసులో టికెట్లు చాలలేదా?" అంటుంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఫ్యాక్టోరియోలో ఈ బాధ లేదు. కుదిరిందంటే కుదిరినట్టే. అయినా దాన్ని వదిలి దీని వెంట పడ్డాను. అంతకుముందు బిసీజ్‌లో రాళ్ళు విసిరే యంత్రం కట్టాను. అదే యంత్రం, అదే మీట. ఒకసారి గోడ కూలుతుంది, ఇంకోసారి చెయ్యి విరిగి నా మీదే పడుతుంది. కోపంతో ఆపేసి, మర్నాడు మళ్ళీ తెరుస్తాను.

నా ప్రశ్న ఇది. ఫిజిక్స్ పెట్టడం వల్ల ఈ ఆటలకి నిజంగా రుచి వస్తోందా? లేక ప్రోగ్రాములో లోపాలకే మనం ఛాలెంజ్ అని ముద్దుపేరు పెట్టుకుంటున్నామా? ఆరో జనరేటర్ సంగతి కూడా ఎవరికైనా తెలిస్తే చెప్పండి, పుణ్యం ఉంటుంది.


సున్నా డీసింక్:

ఫ్యాక్టోరియోకి తిరిగొచ్చేయండి అన్నా. జవాబు అయిపోయింది.

సరే, ఒక్క ముక్క చెప్పి పోతాను. ఫ్యాక్టోరియోలో కూడా పైపులకి ఒక రకం ఫిజిక్స్ ఉండేది. ప్రతి పైపు ముక్కా పక్క ముక్కతో మట్టం పోల్చుకుని కొంచెం కొంచెం ముందుకి తోసేది. లైను పొడవయ్యేకొద్దీ చివరికొచ్చేది తగ్గేది. ఆ వరకూ న్యాయమే. ఘోరం ఏంటంటే, మూడు పైపులు కలిసే చోట ఏ ముక్క ముందు కట్టారన్నదాన్ని బట్టి నీళ్ళు ఎటు ఎక్కువ పోతాయో మారేది. చూడ్డానికి అచ్చుగుద్దినట్టున్న రెండు లైన్లు రెండు రకాలుగా పనిచేసేవి. కంటికి కనిపించని కారణంతో మనం ఏం చేయగలం? 2024 అక్టోబరులో 2.0 వచ్చినప్పుడు ఆ ఆట తయారు చేసిన వూబ్ వాళ్ళు ఆ వ్యవస్థ మొత్తం పీకేశారు. ఇప్పుడు కలిసి ఉన్న పైపులన్నీ ఒకే తొట్టి కింద లెక్క. ఇటు పోస్తే అటు వెంటనే తీసుకోవచ్చు. మరీ పొడవైతే మధ్యలో పంపు పెట్టాలి, అంతే. ఫిజిక్స్ తీసేశాక ఆట బాగుపడింది. రాసిన వాళ్ళే తీసేశారంటే ఇక వాదన ఎందుకు?

ఇంకో కారణం కూడా ఉంది. ఫ్యాక్టోరియోలో నలుగురం కలిసి ఆడితే ఫ్యాక్టరీ మొత్తం ఇంటర్నెట్ మీద అటూ ఇటూ ప్రయాణం చేయదు. ఎవరు ఏ బటన్ నొక్కారన్నదే పోతుంది. నలుగురి కంప్యూటర్లూ ఎవరిది వాళ్ళు సెకనుకి 60 సార్లు అదే లెక్క చేసి అదే జవాబుకి రావాలి. ఒక్క చోట ఒక్క అంకె తేడా వచ్చిందా, డీసింక్ అని బయటికి తోసేస్తుంది. మా గ్యాంగులో ఒకడు బెంగళూరులో, ఒకడు దుబాయ్‌లో ఉంటాం. సరుకు మోసే బెల్టులు వేలకొద్దీ ఉన్న ఫ్యాక్టరీ ఆ మామూలు నెట్ మీద కూడా నడుస్తోందంటే కారణం ఇదే. దీంట్లో మీ ఊగే నీళ్ళు పెడితే ఏమవుతుందో ఊహించుకోండి.


కెర్బల్ కుమార్:

పైన తమ్ముడి మాట సగం ఒప్పుకుంటాను. సగం కుదరదు.

నేను కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ మనిషిని. మెక్సికో కంపెనీ స్క్వాడ్ 2011లో బయటికి వదిలిన ఆట. అది ఫ్యాక్టరీ గేము కాదు అంటారేమో. కేఓఎస్ అని ఒక మాడ్ ఉంది, అంటే ఆడేవాళ్ళే రాసి ఆటకి జోడించిన కొసరు. రాకెట్‌కి మనమే ప్రోగ్రామ్ రాసి వదిలేయొచ్చు. ఎగరడం, కక్ష్యలోకి చేరడం, మన్ అనే వాళ్ళ చందమామ మీద దిగడం, అన్నీ అదే చూసుకుంటుంది. అంతకు మించిన ఆటోమేషన్ ఏముంటుంది?

ఈ ఆటలో "క్రాకెన్" అనే దయ్యం పేరు వినే ఉంటారు. ఏ తప్పూ లేని ఓడ ఉన్నట్టుండి వణికి ముక్కలైపోయేది. దాని వెనక కథ తెలిశాక నాకు కోపం తగ్గింది. ఆటలో స్థానాలు సింగిల్ ప్రెసిషన్ సంఖ్యల్లో ఉంటాయి. వాటిలో నమ్మదగినవి ఏడు అంకెలు మాత్రమే. కెర్బిన్ గ్రహం వ్యాసార్థమే 600 కిలోమీటర్లు, అంటే 6 లక్షల మీటర్లు. సున్నా బిందువు నుంచి అంత దూరంలో ఆ సంఖ్యలు 6 సెంటీమీటర్ల కంటే సన్నటి తేడాని చూపలేవు. ఓడలో ఒక ముక్క పక్క ముక్కకి ఆనుకుని ఉందా, 6 సెంటీమీటర్లు జరిగిందా అన్నది కంప్యూటర్‌కే తెలియదు. జాయింటు విడిపోయిందనుకుని గట్టిగా లాగుతుంది, ఆ లాగుడుకి పక్కది జరుగుతుంది. తర్వాత ఏమవుతుందో మీకే తెలుసు. వాళ్ళు చేసిన మందు ఏంటంటే, ఓడని సున్నా దగ్గరే నిలబెట్టి ప్రపంచాన్నే దాని చుట్టూ కదపడం. ఆ ఐడియాకి దండం పెట్టాలి.

బాబు అన్నా, మీ బిసీజ్ చెయ్యి విరగడం కూడా ఇలాంటిదే. ఇంజిన్ సెకనుకి ఇన్నిసార్లని అడుగులేసుకుంటూ లెక్క కడుతుంది. వేగంగా తిరిగే భాగం ఒక అడుగుకీ ఇంకో అడుగుకీ మధ్య చాలా దూరం పోతుంది. మీ కంప్యూటర్ ఆ క్షణాన ఇంకేదో పనిలో ఉంటే ఆ అడుగులు కాస్త అటూ ఇటూ పడతాయి. విసురు వేగం తగ్గించి, చెయ్యికి అడ్డంగా రెండు కర్రలు కట్టి చూడండి.

నేను సగం ఎందుకు ఒప్పుకోనంటే, లెక్క ఎప్పుడూ తప్పని ఆటలో రాకెట్ దిగితే ఏముంది? నా ప్రోగ్రామ్ మన్ మీద వాలు నేలలో దిగి, ఒక కాలు మీద నిలబడి, పక్కకి ఒరిగి, పడకుండా ఆగిన రోజు కుర్చీలోంచి లేచి అరిచాను. ఆ టెన్షన్ బెల్టులో రాదు.


పాత పెంటియం:

వయసులో పెద్దవాణ్ణి కాబట్టి ఒక పాత సంగతి. 1993లో డైనమిక్స్ వాళ్ళది ది ఇన్‌క్రెడిబుల్ మెషీన్ అని వచ్చింది. బంతులు, తాళ్ళు, పిల్లి, ఎలుక పరిగెత్తే చక్రం, కొవ్వొత్తి, ఇవన్నీ పేర్చి ఏదో ఒక చిన్న పని జరిపించాలి. గురుత్వాకర్షణ, గాలి ఒత్తిడి కూడా మార్చుకోవచ్చు. ఆ కాలంలోనే వాళ్ళు ఫిజిక్స్‌లో యాదృచ్ఛిక సంఖ్యలు వాడలేదు. ఒక యంత్రం ఒకసారి పనిచేసిందంటే ఎన్నిసార్లు నడిపినా, ఎవరి కంప్యూటర్‌లో నడిపినా అదే ఫలితం. కాబట్టి ఫిజిక్స్ ఉంటే నమ్మకం పోతుందనడం తప్పు బాబులూ. రాసేవాడి ఓపికని బట్టి ఉంటుంది.


పంప్‌హౌస్ సూపర్‌వైజర్:

బాబు గారూ, నా ఉద్యోగమే పైపులు. ఖమ్మం జిల్లాలో ఒక మంచినీళ్ళ పథకంలో, కొన్ని ఊళ్ళ ఓవర్‌హెడ్ ట్యాంకులకి నీళ్ళు ఎక్కించే పంప్‌హౌస్ చూసుకుంటాను. పగలంతా పైపులు, రాత్రి మళ్ళీ పైపులు. మా తమ్ముడు ఈ గేము నా సిస్టంలో ఎక్కించి "అన్నా, నీకు సరిపోయే ఆట" అన్నాడు. వాడి మీద ఇంకా కోపం పోలేదు.

ముందు మీ ఆరో జనరేటర్ సంగతి చూద్దాం. మీ లెక్కలో తప్పు లేదు, మిగులు లేదు. అదే అసలు జబ్బు. ఈ ఆటలో ప్రతి పైపు ముక్కా ఒక చిన్న పాత్ర. పక్కదాంట్లో ఎంత ఉంది, తనలో ఎంత ఉంది అన్నదాన్ని బట్టి తోస్తుంది. సగం నిండిన లైన్లో నీళ్ళు ముందుకి పోయి, కొట్టుకుని, వెనక్కి వస్తాయి. ఆ వెనక్కి వచ్చిన క్షణంలో తోడే యంత్రం ముందున్న పైపు నిండిపోయి కనిపిస్తుంది, అది కాసేపు తోడడం ఆపేస్తుంది. ఆ ఆగిన కాసేపట్లో పోయిన నీళ్ళు పోయినట్టే. మీకు 360 కావాలి, గరిష్ఠంగా వచ్చేదీ 360. పోయినదాన్ని ఎప్పటికీ పూడ్చుకోలేరు. మిగతా ఏడింటికీ ఒకే వైపు నుంచి నీళ్ళు అందుతాయి. ఆరోదానికి రెండు వైపుల నుంచి మిగిలిన అడుగుబొట్లు కలవాలి. అందుకే దెబ్బ మొత్తం దాని మీద పడుతోంది.

జనరేటర్లన్నీ ఆపేసి, పైపులు పూర్తిగా నిండేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టండి. అంతకంటే మంచిది, నాలుగో తోడే యంత్రం కుడివైపు పెట్టడం. నిజం పనిలో 360 అవసరమైన చోట 360 ఇచ్చే మోటారు పెట్టే ఇంజినీరు ఎవరూ ఉండరు. పెడితే మొదటి వేసవిలోనే ఊళ్ళో జనం ఖాళీ బిందెలతో ఆఫీసు ముందు కూర్చుంటారు.

ఇక మీరడిగిన పెద్ద ప్రశ్న. మా పనిలో "కిలో ప్రెజర్" అంటే నీళ్ళు పది మీటర్ల ఎత్తు ఎక్కగలవని. ఆటలో తోడే యంత్రం కూడా సరిగ్గా పది మీటర్లే ఎక్కిస్తుంది. మొదటి రకం పంపు 20 మీటర్లు, రెండోది 50. మొదటిసారి ఆ అంకెలు చూసి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. కిలో, రెండు కిలోలు, అయిదు కిలోలు! ఎవరో పని తెలిసినవాళ్ళు కూర్చుని రాసినట్టుంది అనుకున్నాను.

అక్కడితో అయిపోయింది ఆ ముచ్చట. ఆటలో పైపు అడ్డంగా ఎంత దూరం వేసినా ఒత్తిడి తగ్గదు. ఎత్తు ఒక్కటే తింటుంది. మా దగ్గర రెండూ తింటాయి. పైపు సన్నమైనా తింటుంది, పాతబడి లోపల తుప్పు పట్టినా తింటుంది. అందుకే లైను మొదట్లో ఉన్న ఊళ్ళో కుళాయి తిప్పితే బిందె ఎగిరిపడేలా వస్తుంది, చివరి ఊళ్ళో దారంలా వస్తుంది. పైన తమ్ముడు చెప్పిన పాత ఫ్యాక్టోరియోలో దూరం లెక్క ఉంది, నేల బల్లపరుపు కాబట్టి ఎత్తు లెక్క లేదు. ఆ రెండు ఆటలూ కలిపితే మా లైను. ఆ రెండు కష్టాలూ కలిపి ఒక ఆటలో పెడితే ఎవరూ కొనరని వాళ్ళకి తెలిసే ఉంటుంది.

గాలి సంగతి కూడా ఆటలో లేదు. లైను ఒక మిట్ట ఎక్కి దిగితే ఆ మిట్ట మీద గాలి చిక్కుకుంటుంది. పైపు నిండుగానే ఉన్నట్టుంటుంది, నీళ్ళు మాత్రం పోవు. మొన్న వేసవిలో చివరి ఊరి ట్యాంకు నిండట్లేదని ఫోన్లు మొదలయ్యాయి. మోటారు బాగుంది, పంప్‌హౌస్ దగ్గర ప్రెజర్ మామూలు కంటే ఎక్కువే చూపిస్తోంది. ప్రెజర్ ఎక్కువుండి నీళ్ళు తక్కువ పోతున్నాయంటే మధ్యలో ఏదో అడ్డం ఉన్నట్టే కదా. బండేసుకుని లైను వెంట పోతూ ఒక్కో ఎయిర్ వాల్వ్ గుంట మూత తీసి చూశాం. పొదల మధ్య ఒక గుంటలో వాల్వ్ మట్టి పట్టి బిగుసుకుపోయి ఉంది. నేను గుంటలోకి దిగి స్పానర్ కొన వాల్వ్ మీద, ఇంకో కొన చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. నీళ్ళు పోయే లైనయితే సన్నగా రొద వినిపిస్తుంది. అక్కడ చప్పుడే లేదు. విప్పడం మొదలుపెట్టగానే బుస్సుమని గాలి. ఎంతసేపు వచ్చిందంటే మా హెల్పర్ కుర్రాడు పక్కనే కూర్చుని బీడీ ముట్టించాడు. తర్వాత గాలీ నీళ్ళూ కలిసి తుంపర్లు, తర్వాత ఎర్ర నీళ్ళు మా ఇద్దరి మొహాల మీద, చివరికి తేట నీళ్ళు. సాయంత్రానికి ఆ ఊరి నుంచి ఫోన్లు ఆగిపోయాయి.

ఆ బుస్సుమన్న చప్పుడు కోసమే ఈ ఆటలు ఆడుతున్నాను. ఏదో సరిగా లేదు, ఎక్కడుందో తెలియదు, ఒక్కో గుంటా చూసుకుంటూ పోతే దొరుకుతుంది. ఆటలో కూడా ఒక్కో పైపు మీద నొక్కి ఎంత నిండింది, ఎటు పోతోంది అని చూసుకుంటూ వెళ్తాను. ఎక్కడో మీటరున్నర ఎత్తు ఎక్కువ ఎక్కించిన మలుపు దొరుకుతుంది. అప్పుడు ఆట నాకు న్యాయం చేసినట్టు. కానీ పీకేసి మళ్ళీ అచ్చం అలాగే వేస్తే దారికొచ్చిన లైన్లు కూడా చూశాను. ఎందుకు ఆగింది, ఎందుకు పోయింది? చెప్పేవాడు లేడు. అలాంటి రోజు సిస్టం మూసేసి పడుకుంటాను. లైన్లో నా తప్పుంటే రాత్రి రెండింటి దాకా కూర్చోవడానికి నాకేం అభ్యంతరం లేదు. తప్పే లేని చోట తప్పు వెతకమంటే నా జీతంలో అది లేదు, ఆటలో అసలే లేదు.

అందుకని తమ్ముడు చెప్పిన 2.0 మార్పు నాకు నచ్చలేదు గానీ, ఎందుకు చేశారో అర్థమైంది. కట్టిన వరసని బట్టి నీళ్ళు దారి మార్చుకుంటే అది ఫిజిక్స్ కాదు, చేతబడి. అయినా మొత్తం ఒకే తొట్టి చేసేశారు, నాలాంటివాడికి అందులో పనేముంది?


సున్నా డీసింక్:

అన్నా, గుంట కథ బాగుంది. కానీ మీకు జీతం ఇస్తే చేసే పనిని మేము డబ్బులిచ్చి కొనుక్కుని చేస్తున్నాం. అదే నా కంప్లైంట్.


ఎనిమిదో వంతు:

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. సూపర్‌వైజర్ గారి మాటకి నా వైపు నుంచి ఒక కొసరు.

నేను ఆడేది ఆక్సిజన్ నాట్ ఇన్‌క్లూడెడ్. కెనడాలోని క్లై వాళ్ళది, 2019లో పూర్తి రూపంలో వచ్చింది. గ్రహశకలం లోపల కొందరు బుల్లి మనుషులుంటారు. వాళ్ళకి గాలి, నీళ్ళు, తిండి, వేడి అన్నీ మనమే చూడాలి. అందులో ఎలక్ట్రోలైజర్ సెకనుకి 1000 గ్రాముల నీళ్ళు తీసుకుని 888 గ్రాముల ఆక్సిజన్, 112 గ్రాముల హైడ్రోజన్ ఇస్తుంది. మొదటిసారి చూసి మా క్లాసులో బోర్డు మీద రాసే లెక్క గుర్తొచ్చింది. 18 గ్రాముల నీళ్ళలో 16 ఆక్సిజన్, 2 హైడ్రోజన్. 1000కి లెక్కేస్తే దాదాపు అంతే. ఎవరో మోలార్ మాస్ తెలిసినవాళ్ళు రాశారని మురిసిపోయాను.

తర్వాత కరెంటు లెక్క చూశాను. ఎలక్ట్రోలైజర్‌కి 120 వాట్లు చాలు. వచ్చిన 112 గ్రాముల హైడ్రోజన్‌ని కాలిస్తే దాదాపు 900 వాట్లు వస్తుంది. రెండు వాయువుల్నీ లాగడానికి ఒక్కోటి 240 వాట్లు తినే పంపులు రెండు పెట్టినా ఇంకా కరెంటు మిగులుతుంది. నీళ్ళని విడగొట్టడానికి పెట్టినదాని కంటే ఎక్కువ శక్తి వెనక్కి! మా పిల్లలెవరైనా పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేస్తాను. ఆటలో మాత్రం అందరం అదే కట్టుకుంటాం, నేనూ కట్టుకున్నాను, చక్కగా నడుస్తోంది. వేడి సంగతీ అంతే. నీటి విశిష్టోష్ణం, అంటే ఒక గ్రాము ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన వేడి, 4.179 అని నిజం విలువే పెట్టారు. అదే నీరు వాయువులుగా మారేసరికి వాటి విశిష్టోష్ణం తక్కువ కాబట్టి, అదే ఉష్ణోగ్రత దగ్గర బోలెడు వేడి లెక్కలోంచి మాయం. థర్మోడైనమిక్స్ మొదటి నియమం ఈ ఆటలో సెలవు మీద ఉంది.

అయినా చిరాకు ఇక్కడ కాదు. అబద్ధమైనా ప్రతిసారీ ఒకేలా చెబితే నేర్చుకోవచ్చు. నాకు చిరాకు తెప్పించేది ఆలస్యం. ఆ ఎలక్ట్రోలైజర్ నుంచి ఆక్సిజన్ కనీసం 70 డిగ్రీల వేడితో వస్తుంది. దాన్ని అలాగే మనుషులుండే గదుల్లోకి వదిలితే వెంటనే ఏమీ కాదు. గోడలు మెల్లగా వేడెక్కుతాయి. ఆటలో రోజుకి 600 సెకన్లు. చాలా రోజుల తర్వాత గది 30 డిగ్రీలు దాటాక, బ్రిసిల్ బ్లాసమ్ మొక్కలు ఎదగడం ఆపేస్తాయి. తిండి తగ్గుతుంది. అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే కారణం ఎప్పుడో మొదట్లో పెట్టిన పైపు. సూపర్‌వైజర్ గారికి గుంట దొరికితే సాయంత్రానికి నీళ్ళొచ్చాయి. నాకు గుంట దొరికినా గోడలు చల్లారడానికి మళ్ళీ అంత కాలం పడుతుంది. ఈ లోపు మనుషులు ఆకలితో ఏడుస్తుంటారు. వాళ్ళ ఏడుపు బొమ్మలు కూడా ముద్దుగా ఉంటాయి, అదొక శిక్ష.

పైన ఎవరో నమ్మకం గురించి మాట్లాడారు. నేనైతే వెంటనే తెలిసే ఫిజిక్సా, ఆలస్యంగా తెలిసే ఫిజిక్సా అని చూసుకుని ఆట ఎంచుకుంటాను. పరీక్షల కాలంలో ఈ ఆట అస్సలు తెరవను.


పంప్‌హౌస్ సూపర్‌వైజర్:

మేడమ్, మీరు చెప్పిన ఆలస్యం మాకూ ఉంది. క్లోరిన్ ఇక్కడ కలిపితే చివరి ఊళ్ళో ఎంత మిగిలిందో తెలియడానికి నీళ్ళు అక్కడిదాకా చేరాలి. అందుకని చివరి కుళాయి దగ్గరే పరీక్ష చేస్తాం. ఆ ఆటలో గదిలో థర్మో సెన్సార్ లాంటిది పెట్టుకోవడం కుదరదా?


ఎనిమిదో వంతు:

కుదురుతుంది సార్, ఉంది. 25 డిగ్రీలకే గంట మోగేలా పెట్టుకున్నాను ఇప్పుడు. మొక్కల గదిలో, మనుషుల గదిలో కాదు. మనుషులు 30 దాటినా ఏమీ అనరు.


బెల్టు బాబు:

అందరికీ థాంక్స్. ముఖ్యంగా సూపర్‌వైజర్ గారికి.

జనరేటర్లు ఆపి, పైపులు నింపి, కుడివైపు ఇంకో తోడే యంత్రం పెట్టాను. ఆరోది ఇప్పుడు కదలకుండా నడుస్తోంది. ముల్లు ఇంకా కొంచెం ఊగుతూనే ఉంది కానీ ఆగట్లేదు. యంత్రం పెట్టకుండా పైపులు నింపి మాత్రమే ముందు చూశాను, ఏది పనిచేసిందో తెలియాలని. కాసేపు బాగానే నడిచి మళ్ళీ మొదటికొచ్చింది. అంటే మీరన్నట్టు మిగులు లేకపోవడమే జబ్బు. మా ఆవిడకి కూడా వివరించాను. "ఒకటి ఎక్కువ పెట్టుకోవాలని చెప్పడానికి ఇంతమందా?" అంది.

సున్నా డీసింక్ తమ్ముడూ, ఫ్యాక్టోరియోకి వస్తాను, రాకుండా ఎక్కడికి పోతాను. కానీ నీ మాటకి ఒక ఎదురుమాట. అక్కడ నేను బెల్టు వేశాక దాని వైపు తిరిగి చూసేవాణ్ణి కాదు, ఎందుకంటే అది పనిచేస్తుందని తెలుసు. ఇక్కడ జనరేటర్ల పక్కనుంచి వెళ్ళిన ప్రతిసారీ ఆ ముల్లు చూసి పోతున్నాను. నాకు ఇదే ఎక్కువ నచ్చుతోంది. మేడమ్ గారి ఆట మాత్రం నా వల్ల కాదు, ఏడ్చే మనుషుల్ని చూడలేను.

కుమార్ అన్నా, బిసీజ్ చెయ్యికి కర్రలు కట్టాను, విసురు తగ్గింది గానీ విరగడం ఆగింది. కెర్బల్ నా లాప్‌టాప్‌లో నడుస్తుందా? ఎనిమిది జీబీ ర్యామ్, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు.


కెర్బల్ కుమార్:

నడుస్తుంది, గ్రాఫిక్స్ తగ్గించుకోండి. రాకెట్‌లో ముక్కలు ఎంత తక్కువుంటే అంత మంచిది, ఎందుకంటే ప్రతి జాయింటూ లెక్కే. పైన గడియారం ఆకుపచ్చ నుంచి పసుపుకి మారితే మీ సిస్టం ఆ లెక్క అందుకోలేక ఆట కాలాన్నే నెమ్మది చేస్తోందని అర్థం. పొడవు రాకెట్లు ఊగుతుంటే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ట్వీకబుల్స్ ఆన్ చేసుకుంటే ముక్కల్ని ఊగకుండా బిగించే ఆటోస్ట్రట్ అని వస్తుంది, అది పెట్టుకోండి. మొదట చిన్నది కట్టండి, కేఓఎస్ తర్వాత. వారాంతంలో మొదలుపెట్టండి, ఆదివారం రాత్రి మాత్రం వద్దు.